తువ్వాల కింద బేరం

నిన్న కల్లూరులోని మా ఇంటికి కొరియర్‌లో ఒక పుస్తకం వచ్చింది. చైనా పల్లె సంతల మీద మా పీహెచ్‌డీ గైడు సారు రాసింది. మొదటి పేజీలో ‘నా ప్రియ శిష్యుడికి’ అని సంతకం. ఆ దేశం ఎట్లా ఎదిగిందో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని కదా, కాఫీ చల్లారుతున్నా పట్టించుకోకుండా చదవడం మొదలుపెట్టాను. ముందుమాట రెండో పేరా దగ్గర ఆగిపోయాను. ‘పత్తికొండ సంతలో ఎడ్ల దళారి అయిన మా నాన్న, తువ్వాల కింద నా వేళ్లు పట్టుకుని ధర చెప్పడం నేర్పాడు’ అని ఉంది. సారు నాన్న పట్నంలో పేరున్న వకీలు. ఎద్దును క్యాలెండరులో తప్ప చూడని మనిషి. పత్తికొండ దళారి మా నాయన.

మా సంతలో ఎద్దు ధర నోటితో చెప్పరు. ఇద్దరూ చేతులు కలిపి, పైన తువ్వాల కప్పి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. బేరం చెడినా ఎద్దు విలువ నలుగురి నోళ్లలో పడకూడదని. పరిశోధనకు చైనా వెళ్లినప్పుడు ఉత్తరాదిన ఒక పశువుల సంతలో ఇద్దరు ముసలివాళ్లు పొడుగు చొక్కా చేతుల్లో వేళ్లు దూర్చి ఇదే పని చేస్తుంటే చూసి, నిలబడ్డచోటే ఏడ్చాను. అప్పటికి నాకొచ్చిన చైనా భాష నూడుల్స్ అడగడానికి చాలు, అంతే. కానీ ఆ బేరం మొత్తం అర్థమైంది. అక్కడి సర్కారు సంతలు మూయించినా తెరిపించినా ఈ నమ్మకం మాత్రం జనం దగ్గరే ఉండిపోయిందని సారుకు పది పేజీల ఉత్తరం రాశాను. నా జన్మకంతా దొరికిన సొంత ఆలోచన అదొక్కటే.

తిరిగొచ్చాక సారును పత్తికొండ తీసుకుపోయింది కూడా నేనే. మా నాయన ఆయన చేతిమీద తువ్వాల కప్పి, ఎంతో ఓపికగా నేర్పాడు. సారు ‘అద్భుతమయ్యా’ అంటూనే ఉన్నారు. ఆయన బస్సెక్కాక నాయన తువ్వాల దులిపి భుజాన వేసుకుంటూ అన్నాడు: “కింద రెండు చేతులూ మాట్లాడల్లప్పా. మీ సారు చెయ్యి వింటాండాది గానీ ఏమీ చెప్పల్యా.” పెద్ద చదువుల సంగతి నీకేం తెలుసని కసురుకున్నాను. ఆ మాటకు ఈరోజు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆలోచన తీసుకుంటే ఓర్చుకునేవాణ్ని, మా రంగంలో అది మామూలే. నాయననే తీసుకున్నారు. ఫోన్ చేస్తే సారు నవ్వి, “పాఠకుడికి దగ్గరగా ఉంటుందని రాశానయ్యా, నువ్వు నా కొడుకులాంటివాడివే కదా” అన్నారు.

కాలమే నిజాన్ని తేలుస్తుందంటారు. తువ్వాల కింద బేరానికి సాక్షులుండరు. ఆ రోజు చేతులు కలిపిన ఇద్దరిలో కాలం ఒకరిని ముందే తీసుకుపోయింది, రెండోవారు పుస్తకం రాసుకునేదాకా ఆగింది.