పచ్చ శాలువా ఆఖరి వరస

ఈ ఉదయం మంచం కింది రేకుపెట్టె తెరవగానే కలరా ఉండల వాసన గుప్పున ముక్కుకు తగిలింది. మా అమ్మాయికి రెండు రోజులుగా తుమ్ములు. దాని పాత స్వెట్టరు కోసం వెతుకుతున్నాను. అనకాపల్లిలో చలేమిటని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు గానీ, మంచు కమ్మేసి బెల్లం లారీలు పొద్దున్న ఎనిమిదింటికి కూడా లైట్లు వేసుకుని పాకే రోజులు మాకూ ఉన్నాయి. స్వెట్టరు దొరకలేదు. పెట్టె అడుగునున్న ఖాకీ సంచి చేతికి తగిలింది. అందులో ఏముందో తెలుసు కనుక మూతి విప్పలేదు. పెట్టె మూసేశాను కానీ, అప్పటినుంచి ఏ పనీ సాగడం లేదు. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. ఇక లాభం లేదని కూర్చుని నూకరత్నం టీచరు గురించి రాస్తున్నాను.

ఆవిడ గవరపాలెంలో మా ఇంటి ఓనరు. ఇరవై ఏళ్ళ కిందట నాకు కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో వాళ్ళ మేడ మీద గదిలో అద్దెకు దిగాను. అమ్మాయిల హైస్కూల్లో క్రాఫ్టు టీచరుగా ఆవిడకు అది ఆఖరి సంవత్సరం. భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. పుట్టింది రాజయ్యపేటలో, సముద్రం మీద బతికే ఇంట్లో. అంతకాలం బడిలో పాఠాలు చెప్పినా ఆవిడ మాట మాత్రం ఆ ఒడ్డు దాటి రాలేదు, దాటించాలని ఆవిడ ప్రయత్నించనూ లేదు. వాళ్ళ నాన్న చిరిగిన వలలు బాగుచేస్తుంటే పక్కన కూర్చుని ఆరేళ్ళకే ముడి వేయడం నేర్చుకున్నారట. అందుకే ఊలు అల్లికలో అందరూ కుట్లు అనేవాటిని ఆవిడ కళ్ళు అనేవారు, వల కళ్ళలాగే.

నేను సామాను దింపుకుంటుంటే ఆవిడ వీధి అరుగు మీద కూర్చుని, చేతిలో అల్లిక ఆపకుండా ఒక్కొక్కటే చూస్తున్నారు. ఒక వీణ, తీగ తెగినది. రంగుల డబ్బా. సగం పువ్వు కుట్టిన ఎంబ్రాయిడరీ ఫ్రేము. గులాబీ అంట్లు నాలుగు. హిందీ పరీక్ష పుస్తకాలు. సగం అల్లిన స్వెట్టర్లు మూడు, వాటిలో ఒకదానికి మెడ లేదు, రెండింటికి చేతులు లేవు.

"ఏటమ్మా, ఇందులో ఒక్కటైనా ఒడ్డెక్కిందా?" అన్నారు.

ఎక్కలేదు. ఆరంభశూరత్వం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దని మా అమ్మ మొత్తుకునేది, నేను అయిదారు పడవల మీద పెట్టుకుని తిరిగేదాన్ని. ఈవిడా అదే పాట అందుకుంటారని మొహం ముడుచుకున్నాను. ఆవిడ లోపలికి తీసుకెళ్ళి తన సంసారం చూపించారు. హార్మోనియం, రేడియో పాటలు రాసుకున్న పది పన్నెండు నోటుపుస్తకాలు, రాజయ్యపేట ఒడ్డున ఏరిన గవ్వలతో గుచ్చిన తెర, పెరట్లో కాకర పందిరి. పడవలు ఎన్నయినా పరవాలేదని, ఎక్కడం అందరికీ వచ్చుగానీ దిగడం తెలియాలని అన్నారు. ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమైంది.

ఆవిడ అల్లికలకు సంచులు ఉండేవి. గళ్ళ సంచి బస్సులకు, క్యూలకు. అందులో కళ్ళు మూసుకుని అల్లగలిగే మఫ్లర్లు, పసిపిల్లల టోపీలు. నల్ల సంచి వంటింట్లో మేకుకు వేలాడేది. పప్పు ఉడికేదాకా, పాలు కాగేదాకా దానితో పని. ముదురు రంగు ఊలు తప్ప అందులో వేసేవారు కాదు, పసుపు చెయ్యి తగిలినా కనబడదని. కుర్చీ సంచి మధ్యాహ్నానిది. లెక్కపెట్టుకుంటూ అల్లాల్సిన పూలు, తీగలు అందులో ఉండేవి. ఉద్యోగం, వంట, పాటలు, మొక్కలు, అల్లికలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఆవిడ రోజంతా అలా సర్దుకునేవారు. నాలుగో సంచి ఖాకీది, అటక మీద ఉండేది. దాని సంగతి ఆ రోజు చెప్పలేదు.

సాయంత్రాలు అరుగు మీద అల్లిక క్లాసు జరిగేది. ఏడుగురు ఆడపిల్లలు, వాళ్ళ మధ్య తాటిచెట్టులా నేను. ఎక్కడైనా అల్లిక నేర్పేవాళ్ళు మొదట చెప్పేది వరస మధ్యలో ఆపొద్దని. ఆపితే బిగువు పోతుంది, ఎటు తిరగాలో మరిచిపోతాం. ఈవిడది తలకిందుల పద్ధతి. అందరం తలలు వంచుకుని వరస మధ్యలో ఉండగా ఎవరో ఒకరిని పేరు పెట్టి పిలిచేవారు. పిలుపు వినబడగానే, కళ్ళు జారిపోకుండా సూదుల కొనలకు పెన్సిలు రబ్బరు ముక్కలు గుచ్చేసి, లేచి వెళ్ళాలి. వెళితే పనేమీ ఉండేది కాదు. ఆ చెంబు ఇటియ్యమనో, గేటు వెయ్యమనో చెప్పి పంపేసేవారు.

ఒక రోజు నన్ను పిలిచారు. నేను జీవితంలో మొదటిసారి ఒక తీగ డిజైను తప్పు లేకుండా సగం దాకా తెచ్చిన సమయమది. తలెత్తకుండానే, ఒక్క వరస టీచర్, అయిపోవచ్చింది అన్నాను. ఆవిడ లేచి వచ్చి నా చేతిలోంచి సూది లాగేశారు. పోగు పట్టుకుని సర్రున లాగితే వారం రోజుల పని నా ఒళ్ళో ముద్దగా పడింది. పిల్లలందరూ చూస్తున్నారు.

"పిలిత్తే లేవాలి. ఊలు ఎక్కడికీ పోదు. పిలిసినోలు పోతారు" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చిన్నదానికి అంత పెత్తనం ఏమిటని మనసులో నానా తిట్లూ తిట్టుకుని నాలుగు రోజులు కిందికి దిగలేదు. అయిదో రోజు ఆవిడే పాకం గారెలు గిన్నెలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చారు. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. గారెలు చల్లారితే బాగుండవని మాత్రం చెప్పి దిగిపోయారు. తిండి దగ్గర నాకు పంతాలు నిలవవు.

కారణం తెలిసింది ఆ శ్రావణంలో. సెలవు రోజు, మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. అటక కారుతోందంటే సామాను దింపుతున్నాను. ఖాకీ సంచి కిందికి అందిస్తూ ఇందులో ఏముంది టీచర్ అని అడిగాను. ఆవిడ నేల మీద చతికిలబడి సంచిలోంచి ఒక పచ్చ శాలువా తీశారు. పూర్తి కాలేదు. సూదులకే ఉంది. ఆకుపచ్చ అంతా పాతబడి రంగు మారింది.

ఆవిడ భర్త చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవారట. చలికాలం వస్తే ఆయాసం. ఆయన కోసమే ఆ శాలువా మొదలుపెట్టారు. కొత్త డిజైను, వరసకు నూట అరవై కళ్ళు, పిచ్చి పట్టినట్టు అల్లేదాన్నని చెప్పారు. ఒక మధ్యాహ్నం ఆయన పెరట్లోంచి రత్నం అని ఒక్కసారి పిలిచారట. మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు.

"నేను సరిగ్గా వరస సగంలో ఉన్నాను. ఈ వరస అయిపోతే వత్తానన్నాను. మరి పిలవలేదు. పిలవలేదు కదా, పనేం లేదేమోననుకున్నాను" అన్నారు. చేత్తో శాలువా అంచు తడుముతున్నారు. "మిగతా ఎనభై కళ్ళూ ఆయన కింద పడున్నప్పుడు అల్లినయ్యే."

ముందే వచ్చినా లాభం ఉండేది కాదని డాక్టరు చెప్పాడట. మంచివాడు, మరోలా ఎలా చెప్తాడు అన్నారు. ఆ ఎనభై కళ్ళు విప్పేయాలని ఏటేటా అనుకుంటారట, చెయ్యి రాదట. పైగా పాత ఊలు ఒక్కరే విప్పితే చిక్కు పడి తెగిపోతుంది. ఒకరు విప్పుతుంటే ఒకరు ఉండ చుట్టాలి. నేను వెంటనే, పదండి, ఇప్పుడే విప్పేద్దాం అన్నాను. ఇప్పుడు కాదులే, మనసు గట్టిపడ్డాక పిలుస్తానన్నారు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తాను టీచర్ అని మాటిచ్చాను. చెయ్యి కూడా వేశాను.

తర్వాత పెళ్ళయి స్టేషను వైపు కాపురానికి వెళ్ళాను. ఆటోలో పావుగంట దూరం. అమ్మాయి పుట్టింది. ఉద్యోగం, వంట, అమ్మాయి చదువు, శనివారం వీణ, డాబా మీద కుండీలు, అన్నీ ఆవిడ సంచుల పద్ధతి వల్లే నడిచాయి. ఆ విషయం నేను ఎవరు అడిగినా గర్వంగా చెప్పేదాన్ని.

రెండేళ్ళ కిందట ఆవిడకు కడుపులో క్యాన్సరని తేలింది. రాజయ్యపేట నుంచి అన్నగారి కూతురు ధనలక్ష్మి వచ్చి దగ్గరుండి చూసుకునేది. విశాఖపట్నం తీసుకెళ్ళడం, తీసుకురావడం అన్నీ ఆ పిల్లే. నేను నెలకోసారి వెళ్ళేదాన్ని. మందుల వల్లో ఏమో ఆవిడకు ఎండాకాలంలో కూడా ఒణుకు వచ్చేది. అది చూసి బెల్లం రంగు ఊలు కొని ఆవిడకు స్వెట్టరు మొదలుపెట్టాను. చెప్పలేదు. పూర్తి చేసి తీసుకెళ్ళి, ఇదిగో టీచర్, ఒడ్డెక్కింది అనాలని నా ఆశ. బస్సులో అల్లాను, పొయ్యి దగ్గర అల్లాను, లైబ్రరీలో పుస్తకాల బీరువా చాటున అల్లాను.

ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ ఫోను చేశారు. గొంతు బాగా సన్నబడిపోయింది.

"ఆ పచ్చది బయటికి తీయించేనమ్మా. ఓపాలి రా. ఇద్దరం కూకుని ఇప్పేద్దాం."

నా ఒళ్ళో స్వెట్టరుంది. ఒక్క చెయ్యి మిగిలింది. వట్టి చేతులతో వెళ్ళడం దేనికి, నాలుగు రోజులు ఆగితే తొడిగే రావచ్చు కదా అనిపించింది. "చిన్న పని చేతిలో ఉంది టీచర్. ఇది అయిపోతే వస్తాను" అన్నాను.

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"సరేనమ్మా. నిదానంగా రా" అన్నారు.

నాలుగు రోజులు ఎనిమిదయ్యాయి. కాలేజీలో పుస్తకాల తనిఖీ వచ్చింది. అమ్మాయికి పరీక్షలు. శనివారం వీణ మాస్టారు కొత్త కీర్తన మొదలుపెడతానంటే అదీ మానలేదు. చెయ్యి ఒకసారి పొట్టిగా వచ్చిందని విప్పి మళ్ళీ అల్లాను. తప్పు ఉన్నది ఆవిడకు ఎలా ఇస్తాను? అది కూడా ప్రేమేనని అప్పుడు అనుకున్నాను. ఎనిమిదో రోజు, సోమవారం, సెలవు పెట్టి, స్వెట్టరు ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి ఆటో ఎక్కాను.

అరుగు కడిగి ఉంది. గుమ్మంలో ధనలక్ష్మి జుట్టు ముడేసుకోకుండా కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. చూడగానే అర్థమైంది, అయినా టీచరు గారు నిద్రపోతున్నారా అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. శుక్రవారం పోయారట. అత్త ఫోనుకు లాకు ఉండిపోయింది, మీ నెంబరు దొరకలేదండి అని ఆ పిల్ల నాకే సంజాయిషీ చెప్పుకుంది.

లోపల ఆవిడ మంచం పక్కన స్టూలు మీద పచ్చ శాలువా ఉంది. రెండు సూదుల మీదా కళ్ళున్నాయి. మధ్యలోంచి పోగు వేలాడుతోంది. సూదుల కొనలకు రబ్బరు ముక్కలు గుచ్చి ఉన్నాయి.

"మీ కోసం మూడు రోజులు సూసిందండి. ఆటో సప్పుడైతే తలుపేపు సూసేది. మరి తనే మొదలెట్టింది. సేతులు వాసిపోయి కదిలేవి కాదు. నేను కూడా పట్టుకుంటానంటే వద్దంది, వత్తానంది కదా, వత్తాదిలే అంది" అని ధనలక్ష్మి చెప్పింది. "గురువారం మందుకి పిలిత్తే, ఎక్కడిదక్కడ ఆపి రబ్బర్లు గుచ్చేసింది. మరి కూకోలేదండి."

నేను ఫోనులో ఏమన్నానో అప్పుడు గుర్తొచ్చింది. ఇది అయిపోతే వస్తాను. ఆవిడ ఆయనతో అన్న మాటే, పొల్లుపోకుండా ఆవిడకే చెప్పాను. ఆ కథంతా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆవిడ అవతల ఎందుకు అంతసేపు మాట్లాడలేదో, ఎందుకు నన్ను తిట్టలేదో తెలిసింది. ఆ రోజు సూది లాగేసినట్టు ఆ ఫోనులోనూ నా మీద అరిచి ఉంటే వెళ్ళేదాన్ని. నిదానంగా రమ్మన్నారు.

స్వెట్టరు నువ్వు ఉంచుకోమ్మా అని ఇస్తే ధనలక్ష్మి తీసుకోలేదు. పోయినోలి పేరు మీద అల్లింది ఒంటి మీద ఏసుకోకూడదంటారండి అని, పచ్చ శాలువా ఖాకీ సంచిలో పెట్టి దాన్ని కూడా నా చేతికిచ్చింది. మీకే ఇయ్యమంది అంది.

రెండూ ఇప్పుడు ఆ రేకుపెట్టెలో ఉన్నాయి. నా జన్మలో మెడ, చేతులు, గుండీలతో సహా ఒక్క తప్పు లేకుండా పూర్తి చేసిన అల్లిక ఆ బెల్లం రంగు స్వెట్టరు ఒక్కటే. దాన్ని ఎవరూ తొడుక్కోలేదు.

ఇప్పుడు ఎవరు పిలిచినా లేస్తాను. మా అమ్మాయి రబ్బరు బ్యాండు కనబడలేదని అరిచినా, మా ఆయన పేపరు ఏదని అడిగినా, వరస మధ్యలో ఆపి వెళతాను. నీకు ఓపిక ఎక్కువని మెచ్చుకుంటారు. ఓపిక కాదు, భయం. ఇంట్లో వాళ్ళకు ఆ సంగతి చెప్పలేదు.

శాలువా తెచ్చిన రోజు ఒకసారి లెక్కపెట్టాను. ఆ ఎనభైలో ఆవిడ వాచిన చేతులతో నలభై ఏడు విప్పారు. ముప్ఫై మూడు మిగిలాయి. వాటిని నేను విప్పలేదు. ఇద్దరు కూర్చుంటే ఎనభై కళ్ళు విప్పడానికి పావుగంట చాలు. ఆటోలో పావుగంట, అక్కడ పావుగంట. అంతకు మించి ఆవిడ నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు.