నోరీన్ హాస్లమ్ ఎంగిలి డబ్బాలు

మా బడిలో హెడ్‌మాస్టర్ మారితే చాలు, ఫొటో తీసి నడవలో తగిలిస్తారు. ఇరవై రెండేళ్లలో నలుగురు మారారు. ఆ నలుగురికీ మధ్యాహ్నం కడుపు నింపిన నోరీన్ హాస్లమ్ ఫొటో మాత్రం ఏ గోడ మీదా లేదు. అందుకే ఆవిడ గురించి నేనే రాస్తున్నాను. నా పేరు షీలా. ఆ వంటింట్లో ఆవిడ పక్కన నిలబడి పద్దెనిమిదేళ్లు ఆలుగడ్డలు చెక్కు తీశాను. ఆవిడ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రమ్మనండి, చూస్తాను.

క్లఫ్‌బ్రిడ్జ్ హైస్కూల్ మొదట ఒక బడి కాదు, రెండు. పూర్వం నూలు మిల్లు యజమాని ఒకాయన గట్టు మీద మగపిల్లలకొకటి, గట్టు కింద ఆడపిల్లలకొకటి కట్టించి, మధ్యలో ఎనిమిదడుగుల గోడ లేపాడు. వంటిల్లు మాత్రం రెండింటికీ ఒక్కటే. గోడకు సరిగ్గా నడుమ ఉండేది, అటో కిటికీ, ఇటో కిటికీ. డెబ్భై రెండులో ప్రభుత్వం రెండు బళ్లనూ కలపమంది. గోడ వారంలో కూలింది కానీ టీచర్లు కలవలేదు. గట్టు మీది మాస్టార్లు కిటికీ పక్క బల్ల దగ్గర, గట్టు కింది టీచరమ్మలు హీటరు పక్క బల్ల దగ్గర, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తినేవాళ్లు.

మిల్లు మూతపడి, అందులో పనిచేసే నోరీన్ బడి వంటింట్లో చేరింది ఆ ఏడే. మొదటి రోజే ఒక కిటికీకి పళ్ళేల బండి అడ్డం పెట్టేసి, "ఇకమీదట క్యూ ఒక్కటే. ఇష్టం లేనివాళ్లు ఇంటి నుంచి తెచ్చుకోండి" అందట. ప్రభుత్వం కలిపిందని కాగితాల్లో రాసుకున్నారు గానీ, ఆ రెండు బళ్లనూ నిజంగా కలిపింది మా నోరీనే. కాదన్నవాళ్లతో నేను మాట్లాడను.

పొద్దున ఏడింటికి, వానలోనే, తలకు రుమాలు కట్టుకుని వచ్చేది. మా ఊళ్లో వాన లేని పొద్దు ఎక్కడిది! తొమ్మిదికి హాల్లో పిల్లలు ప్రార్థన గీతం పాడుతుంటే ఆ లయకే క్యాబేజీ తరిగేది. పాట మధ్యలో ఆగితే హెడ్‌మాస్టర్ ఎవరినో నిలబెట్టి తిడుతున్నాడన్నమాట. "ఇవాళ ఎవడో పాపం" అని కత్తి దించి చెవి అటు పెట్టేది. పన్నెండుంబావుకి గంట కొడితే ఏడువందల మంది ఒక్కసారిగా వచ్చి పడేవాళ్లు.

"ఒరేయ్ పొడుగోడా, చొక్కా లోపలికి దోపు, అప్పుడు చిప్స్."

"మిస్, చొక్కాకీ చిప్స్‌కీ సంబంధమేంటి మిస్?"

"గరిట నా చేతిలో ఉంది, అదీ సంబంధం."

పిల్లలు తిండికి పెట్టని వంక లేదు. కస్టర్డ్‌లో ఉండలంటారు, బఠానీలు తుపాకీ గుళ్లంటారు. వాళ్ల నాన్నలూ అదే కిటికీ దగ్గర నిలబడి అవే అనేవాళ్లు. అందుకని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. టీచర్లు అలా కాదు. పళ్ళెం తిరిగి ఇస్తూ ప్రతి ఒక్కరూ, ప్రతి రోజూ, "చాలా బాగుంది, థాంక్యూ" అనేవాళ్లు. ఇంట్లో నోరీన్ మొగుడు ఫ్రాంక్ బస్సు డ్రైవరు. ఏం వండిపెట్టినా "పర్లేదు" అని పేపరు తిరగేస్తాడు. అందుకే నోరీన్ టీచర్ల మాట మీదే బతికేది. ముఖ్యంగా గురువారాలు. పిల్లలకు చేపలూ చిప్స్ పడేసి, టీచర్ల కోసం ప్రత్యేకంగా వాళ్లమ్మ నేర్పిన ఉల్లిపాయల కార్జం చేసేది. ఆ రోజు టీచర్ల పళ్ళేలు నాకినట్టు వచ్చేవి. "చూశావా షీలా, ఒక్క ముక్క మిగల్లేదు!" అని నాకు చూపించి మరీ సింకులో వేసేది.

ఇలా ఉండగా, ఒక మార్చి నెలలో హెడ్‌మాస్టర్ ఎంట్‌విసిల్ గారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డారు. మంచి మనిషే. కాకపోతే చెప్పాల్సిన మాట చెప్పే ముందు వాతావరణం గురించి పది నిమిషాలు మాట్లాడతారు. ఆ రోజు పదిహేను మాట్లాడారు.

"మిసెస్ హాస్లమ్, ఇది పెద్ద విషయమేం కాదు. బయటి కంపెనీ ఒకటి భోజనాలు వండి వ్యానులో పంపుతుందట. ఒక్క వారం చూద్దామని పాలకమండలి అనుకుంటోంది. నచ్చితే... ఈ గది కంప్యూటర్లకు పనికొస్తుందని..."

"మరి నేను దేనికి పనికొస్తాను సార్?"

ఆయన నీళ్లు నమిలి, మళ్లీ వాన గురించి ఎత్తుకున్నారు.

ఆ వారం మా పని రేకు డబ్బాల మూతలు చింపడం, వేడి చేయడం. అంతే. లోపలున్నదాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. సోమవారం బూడిదరంగులో, మంగళవారం నారింజరంగులో, బుధవారం రెండూ కలిపి వచ్చింది. ఒక పిల్ల పళ్ళెం తలకిందులు చేసి చూపించింది. ఏదీ జారలేదు. "మిస్, ఇది తినడానికా, గోడకు పూయడానికా?" అంది. నోరీన్ ఆ పిల్లను తిట్టలేదు. లోపల్లోపల సంబరంగా ఉంది ఆవిడకి. ఇంత చెత్తని ఎవరు ఒప్పుకుంటారులే అని.

శుక్రవారం అభిప్రాయాల కాగితాలు వచ్చాయి. టీచర్లకే ఇచ్చారు. పిల్లలు ఎలాగూ ఉన్నదానికి లేనిది కలిపి చెప్తారని వాళ్లనడగలేదు. కంపెనీ తరఫున ఒక కుర్రది చిరునవ్వుతో ప్రతి టీచరు ఎదురుగా నిలబడి రాయించుకుంది. నలభై ఒక్క కాగితాలు. నలభై ఒకటిలోనూ ఒకే మాట. చాలా బాగుంది, థాంక్యూ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇదేం జాతి నాయనా మా ఇంగ్లీషువాళ్లది! ఎదురుగా మనిషి నిలబడి నవ్వితే చాలు, నోట్లో గుడ్డపీలిక పెట్టినా బాగుందనే అంటాం. నోరీన్ మాత్రం తిట్టలేదు. ఆలుగడ్డల బస్తా మీద కూర్చుండిపోయింది.

"షీలా, దీన్ని కూడా బాగుందన్నారే."

"అబద్ధమాడారు. వాళ్ల మొహం."

"అదే చెప్తున్నా. మరి నాతో అన్నది?"

కంప్యూటర్లు వస్తాయని కాదు, ఉద్యోగం పోతుందని కాదు, ఇరవై రెండేళ్లు తను వండింది బాగుందో లేదో ఇక ఎప్పటికీ తెలియదనే ఆవిడ దిగులు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే పందుల క్లెగ్ వచ్చాడు. రోజూ మా ఎంగిలి డబ్బాలు తన పందుల కోసం పట్టుకెళ్లేవాడు. తలుపు దగ్గరే అరిచాడు. "ఏమ్మా నోరీన్, ఏం పెడుతున్నారు ఈ వారం? రోజుకు డబ్బాన్నర తీసుకెళ్లేవాణ్ణి, ఇప్పుడు ఆరు! పోనీ అనుకుంటే నా పందులు మూతి తిప్పుకుంటున్నాయి!"

నోరీన్ బస్తా మీంచి లేచింది. "క్లెగ్, ఇవాళ్టివి ఇక్కడే వదిలెయ్" అంది.

సాయంత్రం ఐదింటికి పాలకమండలి సమావేశం. గ్రంథాలయంలో టీ, బిస్కెట్లు, చుట్టూ టీచర్లు. అధ్యక్షురాలు మిసెస్ ఆల్డ్రెడ్ కాగితాలు సర్దుకుని, "అందరికీ నచ్చినట్టే ఉంది. ఎవరికైనా అభ్యంతరమా?" అన్నారు. అందరూ టీ కప్పుల్లోకి చూసుకుంటున్నారు. నేను తలుపు తెరిచి పట్టుకున్నాను. నోరీన్ బండి తోసుకుంటూ లోపలికొచ్చింది. బండి మీద ఆరు ఎంగిలి డబ్బాలు.

"మీ కాగితాలు అబద్ధమమ్మా" అంది. "నిజం ఇందులో ఉంది. వాసన చూసుకోండి."

మిసెస్ ఆల్డ్రెడ్ రుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నారు. నోరీన్ మొదటి డబ్బా మూత ఎత్తి హెడ్‌మాస్టర్ వైపు తిరిగింది. "సార్, ఇదిగో పైనున్నది మీ పళ్ళెంలోదే. నేనే గీకాను. ఇప్పుడు చెప్పండి, ఎలా ఉంది?"

"అది... కొంచెం... కొత్తగా..."

"సార్."

ఆయన మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది. టీ కప్పు కింద పెట్టారు. "ఘోరంగా ఉంది" అన్నారు.

అబ్బ, ఆ మాటతో కట్ట తెగింది! లెక్కల మాస్టారు మూడు రోజులు బిస్కెట్లతో బతికానన్నాడు. భూగోళం టీచరు కడుపునొప్పితో ఒక రాత్రంతా పడ్డ పాట్లు చెప్పింది. జన్మలో మొదటిసారి నిజం రుచి చూసినట్టు ఒకరి మీద ఒకరు పడి చెప్పుకుంటున్నారు. మిసెస్ ఆల్డ్రెడ్ అక్కడికక్కడే వంటిల్లు ఉంచేద్దామన్నారు, అందరూ చేతులెత్తారు. అక్కడితో ఆపినా బాగుండేది. కానీ ఆ ఊపులో బొమ్మల టీచరు మిస్ కెర్షా నోరు జారింది.

"ఇంతకంటే గురువారం కార్జమే నయం! అదైతే కనీసం మా కుక్కైనా తింటుంది."

నోరీన్ చేతిలోని డబ్బా మూత కింద పెట్టింది.

"కుక్కేంటమ్మా?" అంది నోరీన్.

ఒక్కొక్కటే బయటికొచ్చింది. మిస్ కెర్షా సంచిలో ప్లాస్టిక్ కవరు పెట్టుకొస్తుందట. లెక్కల మాస్టారు పేపర్లో చుట్టి పిల్లికి పట్టుకెళ్తాడట. హెడ్‌మాస్టర్ గారు పదకొండేళ్లుగా జేబురుమాల్లో కట్టుకుని, కారులో ఇంటికి తీసుకెళ్లి, పెరట్లో పాతిపెడుతున్నారట.

"పళ్ళెంలో వదిలేస్తే మీరు బాధపడతారని" అన్నారాయన, చాలా చిన్న గొంతుతో.

నోరీన్ బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. సోమ, మంగళ, బుధ, ఎవరితోనూ మాట్లాడలేదు. నాతో కూడా. నేను మిస్ కెర్షాకి మూడు రోజులూ మాడిన ముక్కే వడ్డించాను, చెప్తే తప్పేముంది.

గురువారం టీచర్లంతా దోషుల్లా వరుసలో నిలబడ్డారు. కార్జం లేదు. ఖీమా మీద ఆలుగడ్డ ముద్ద పరిచి ఓవెన్‌లో కాల్చి పెట్టింది. అందరి సంచులూ ఆ రోజు స్టాఫ్‌రూమ్‌లోనే ఉన్నాయి, నేను గమనించాను. ఎంట్‌విసిల్ గారు తిని, పళ్ళెం తీసుకుని కిటికీ దగ్గరికొచ్చారు. వెనక ఏడువందల మంది మాటలు ఆపేశారు.

"ఎలా ఉంది సార్?" అంది నోరీన్.

ఆయన నోరు తెరిచారు. అలవాటైన మాట పెదవుల దాకా రావడం నాకు కనిపించింది. మింగేశారు.

"ఖీమా బాగుంది మిసెస్ హాస్లమ్. నిజంగానే. కానీ... ఆలుగడ్డలో ఉప్పు తక్కువైంది."

నోరీన్ గరిట ఎత్తింది. కొడుతుందేమో అనుకున్నాను.

"ఇరవై రెండేళ్ల నుంచి వండుతున్నా, నాకు ఉప్పు నేర్పుతారా?" అని అరిచింది. "ఎవరడిగారు మిమ్మల్ని! కదలండి, వెనక పిల్లలున్నారు!"

ఆయన దాదాపు పరుగెత్తారు. నోరీన్ అటు తిరిగి, నేను చూడట్లేదనుకుని నడుముకు కట్టిన గుడ్డతో కళ్లు తుడుచుకుంది. తర్వాత చెంచాతో కాస్త ఆలుగడ్డ తీసి నోట్లో వేసుకుంది.

"షీలా, విన్నావా? ఖీమా బాగుందన్నాడు" అంది. "ఆ ఉప్పు ఇలా అందుకో."