తొట్టెల రోజు ఎడ్ల వంతు

మా ఇబ్రహీంపట్నంలో ఇప్పటికీ ఎవరైనా కోతల మధ్య ఊరు దాటితే "తొట్టెల బువ్వకు పోతున్నవా ఏంది?" అని నవ్వుతారు. ఆ మాట మా పక్కింటి భాయి మీద పుట్టింది. ఎవరో బిడ్డను తొట్టెల్లో వేస్తున్నారని తెలిసి, వరి కుప్పను గాలికొదిలి విందు తినడానికి పోయాడని కథ. ఆ బిడ్డ నా బిడ్డే. ఆయన ఎందుకు పోయాడో నాకు తెలుసు. ఆ బిడ్డకే ఇప్పుడు కొడుకు పుట్టాడు, ఊరి నవ్వు మాత్రం ఆగలేదు. అందుకని రాస్తున్నాను.

మా రెండిళ్లకూ కలిపి ఒకటే జత ఎడ్లు ఉండేవి. తెల్లెద్దు మాది, మైలెద్దు భాయిది. ఒక్క ఎద్దుతో ఏ పనీ సాగదు కనుక మా నాన్న కాలం నుంచీ పొత్తు నడిచేది. ఒకరోజు జత మా పొలంలో, మర్నాడు వాళ్ల పొలంలో. తెల్లెద్దును దూడప్పటి నుంచి పెంచింది నేను. చిట్టూ తవుడూ నా చేత్తోనే పెట్టాను. అయినా భాయి గొంతు వినబడితే దాని చెవులు అటు తిరిగేవి. ఆయన ములుగర్ర పట్టగా నేనెప్పుడూ చూడలేదు. నాలుకతో అంగిలి మీద ఒక చప్పుడు చేసేవాడు, రెండూ కదిలేవి. ఆ చప్పుడు నేనూ చెరువు కట్ట వెనక ఎవరూ లేని చోట ఎన్నోసార్లు చేసి చూశాను. నా నోట అది ఎప్పుడూ సరిగా రాలేదు.

మా అమ్మ ఆయన్ను "కొడుకా" అని పిలిచేది. నన్ను "ఓరి" అనేది.

పోలీసు యాక్షన్ జరిగిన నెలలో భాయి పెళ్లాం పిల్లలతో పట్నంలో బావమరిది ఇంటికి వెళ్లిపోయాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ముస్లింల ఇళ్ల మీద పడుతున్నారని అందరికీ తెలుసు. పోతూ మైలెద్దు తాడు నా చేతిలో పెట్టి "జర చూసుకో తమ్మీ" అన్నాడు. ఆయన ఎద్దును కాపాడానని ఊళ్లో నాకు మంచి పేరే వచ్చింది. కాపాడిన మాట నిజమే. కానీ రోజూ మేత వేస్తూ నేననుకున్నది వేరు. ఇప్పుడైనా రెండూ నా మాట వింటాయి, ఆయన ఇంకొన్నాళ్లు రాకపోతే బాగుండు అనుకున్నాను.

కోతలు మొదలయ్యేసరికి భాయి తిరిగి వచ్చాడు. మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకొని ఏడ్చింది. కొట్టంలో తెల్లెద్దు పలుపు తాడు తెంపుకునేంతగా లాగింది.

ఆ ఏడాది చివర పని ఎప్పటిలా లేదు. మామూలుగా తెల్లవారుజామున దీపం పెట్టుకొని కల్లంలో బంతి తోలేవాళ్లం, అంటే పరిచిన వరి మీద ఎడ్లను చుట్టూ తిప్పి తొక్కించడం. ఇంకా కమ్యూనిస్టు దళాలు తిరుగుతున్నాయని, చీకటిపడ్డాక ఇల్లు కదలొద్దని, కల్లాల్లో దీపాలు పెట్టొద్దని మిలిటరీ క్యాంపు వాళ్లు చాటింపు వేయించారు. పగళ్లు చూస్తే పొట్టివి. రెండిళ్ల వరికి ఒక్క జత. సర్కారుకు కొలవాల్సిన లెవీ ధాన్యం సిద్ధంగా ఉంచమని ఒకపక్క తొందర. ఇదంతా నెత్తిమీద ఉండగా రావిర్యాల నుంచి నా బావమరిది వచ్చాడు. పుట్టింటికి వెళ్లిన నా భార్య ఆడపిల్లను కన్నది. ఇరవై ఒకటో రోజు తొట్టెల్లో వేస్తారు, తండ్రి రావాలి.

ఆ రోజు ఎడ్ల వంతు భాయిది. పొద్దున్నే ఆయన మా వాకిట్లోకి వచ్చాడు. నా కుప్ప ఇంకా సగం కూడా కాలేదు.

"పెద్దమ్మా, తయారైనవా?" అని అమ్మను అడిగాడు.

"నేనైన. వీడే కల్లం ఇడిసి కదలనంటుండు."

"తమ్మీ, ఇయ్యాల నా వంతు నీకే ఇచ్చిన. నువ్వు రావిర్యాల పో. నీ బంతి నేను తోల్త. పొద్దుగూకేసరికి గింజ, గడ్డి ఏరుపడుతయి."

"నా కల్లంల నేనే తోల్కుంట. నీకెందుకు ఫికర్?"

"బిడ్డ మొకం ఎన్నడు జూస్తవు మరి?"

"బిడ్డ యాడికి పోదు. లెవీవోళ్లు ఆగుతరా?"

"లెవీవోళ్లకు వడ్లు కావాలెనా, నీ మొకం కావాలెనా?" అంది అమ్మ. భాయి నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. ఒక్క పగట్లో ఆయన నా వరంతా తొక్కిస్తాడు, నా ఎద్దు ఆయన చుట్టూ తిరుగుతుంది, ఏడాదంతా అమ్మ ఆ మాటే చెబుతుంది. అది నేను ఓర్చుకోలేను. నిజానికి లెవీ ఒక సాకు.

"గట్లయితె పెద్దమ్మ ఒక్కతె ఎట్ల పోతది? తొవ్వల మిలిటరీ లారీలు తిరుగుతున్నయి. నేను తోల్కపోత" అన్నాడు భాయి.

ఆయన భార్య పక్కింటి గడపలో నిలబడి ఉంది. "ఆమెను నువ్వు తోల్కపోతవు. నిన్నెవరు తోల్కపోవాలె?" అంది.

"పెద్దమ్మ ఉంది గద" అన్నాడాయన.

నేను వద్దనలేదు, నేనే పోతాననీ అనలేదు. ఇద్దరూ నడుస్తూ మలుపు తిరిగే దాకా చూసి ఎడ్లను కల్లంలోకి తోలాను.

మైలెద్దు నడిచింది. తెల్లెద్దు నాలుగు చుట్లు తిరిగి నిలబడిపోయి, వాళ్లు పోయిన తొవ్వ వైపు తల పెట్టింది. అదిలించాను. తోక మెలిపెట్టాను. చివరికి భాయి చేసే చప్పుడు చేశాను. అది తిరిగి నా వైపు చూసింది, అంతే, కదల్లేదు. నా చేతిలో ములుగర్ర ఉంది. ఎన్నిసార్లు పొడిచానో తెలియదు. వెనక కాలు మడమ పైన చీలి రక్తం కారింది. కుంటుతూనే నా వరి తొక్కింది. సాయంత్రానికి నా కుప్ప అయిపోయింది. ఎద్దు పడుకుంది, మర్నాడు లేవలేదు.

భాయి, అమ్మ మర్నాడు వచ్చారు. ఆయన వాకిట్లోనే "బిడ్డ నీ పోలికే తమ్మీ. ముక్కే జర పెద్దమ్మది" అన్నాడు. నా బిడ్డ పోలిక నాకు ఇంకొకరు చెప్పడం గుండెలో గుచ్చుకుంది. తర్వాత ఆయన కొట్టంలోకి వెళ్లి ఎద్దు కాలు చూశాడు, గోడకు ఆనించిన ములుగర్ర చూశాడు. పసుపు, నూనె అడిగి కట్టు కట్టాడు. "దమ్ము తీసుకోనియ్యి" అన్నాడు.

జత విడిపోయింది. భాయి, ఆయన భార్య పనలను రాతికేసి చేతుల్తో కొట్టుకున్నారు. సగం పని కాకముందే పొలంలో కోయక మిగిలిన వరి గింజ రాలిపోయింది. లెవీ పోగా వాళ్లకు మిగిలింది కొంచెం. ఆ చలికాలం ఆ ఇంట్లో వరన్నం లేదు, జొన్న గటకే.

నా భార్య బిడ్డతో వచ్చాక అన్న మొదటి మాట ఇది: "నువ్వు రాలేదేందని మా అవ్వ అడిగితె భాయి ఏమన్నడో ఎరుకేనా? 'ఇయ్యాల వంతు నాది, నా వరికి తమ్మిని కావలి పెట్టి నేనొచ్చిన' అన్నడు. ఒక్క దినం వంతు ఇడిసిపెడితె ఆయనదేం పోయేది? పైంగ నా బిడ్డను ముందుగాల ఆయనే ఎత్తుకొని తొట్టెల్ల ఏసిండు."

అత్తగారింట్లో నా పరువు పోకూడదని ఆయన అన్న మాట అది. అదే ఊరంతా పాకి నవ్వులాట అయింది. నేను అది కాదని అనలేదు. నా భార్య ఆ తర్వాత భాయి ఇంటి గడప తొక్కలేదు. నా బిడ్డ మాత్రం ఆ ఇంట్లోనే పెరిగినట్టు పెరిగింది, ఆయన్ను "పెద్దబాపు" అని పిలిచింది. దానికీ నాకు కడుపుమంటే.

మొన్న మా ఇంట్లోనే నా మనవణ్ణి తొట్టెల్లో వేశాం. అదీ కోతల కాలమే. బిడ్డ పిల్లవాణ్ణి తెచ్చి "పెద్దబాపూ, నన్ను ఏసినోడివి నువ్వే. ఈన్ని గూడ ఏయి" అంది.

"ఇయ్యాల వరి ఎవరికి అప్పజెప్పి వచ్చినవు భాయీ?" అన్నారెవరో. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు.

"నా చేతులు వణుకుతున్నయి బిడ్డా, మీ బాపుకియ్యి" అన్నాడు. ఆయన చేతులు వణకడం లేదు. పిల్లవాడు నా చేతుల్లోకి రాగానే గుక్కపట్టాడు. భాయి నాలుకతో ఆ పాత చప్పుడు చేశాడు. ఏడుపు ఆపి వాడు తల అటు తిప్పాడు.

ఇది రాసి ముందుగా నా భార్యకు చదివి వినిపించాను. ఆమె లేచింది. గిన్నె నిండా పాయసం పోసుకొని, కొంగు కప్పి, పక్కింటికి నడిచింది. వెళ్లి చాలాసేపయింది. గోడ అవతల ముగ్గురి మాటలు వినబడుతున్నాయి, మధ్యలో నవ్వు కూడా. ఏమనుకుంటున్నారో అని నా చెవి అటే ఉంది.