తమ్ముడి వైరింగ్ మీద నేను అల్లిన కథ

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంగా ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. ఇవాళ మీ ముందు కక్కేస్తున్నాను. నా పేరు అడగకండి. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు ఆగేవాణ్ణా?

ముందు ఒక సంగతి తెలియాలి. నేను కోతలు కోస్తాను. చిన్నప్పటి నుంచీ అంతే, యాభైకి దగ్గర పడినా మానలేదు. ఖాజాగూడ చెరువులో మొసలి ఉందని చెప్పి ఒక టీము టీమంతటినీ ఆదివారం పూట కెమెరాలతో ఆ బండల మీద కూర్చోబెట్టిన ఘనుణ్ణి. మూసాపేట స్టేషన్లో నా చెప్పు పట్టాల మీద పడితే మెట్రో రైలు ఆపించి తీయించారని చెబితే, నమ్మి నాతో సెల్ఫీ దిగినవాళ్లున్నారు. ఎవరికీ నష్టం లేదు కదా, నవ్వుకుంటారు, అంతే. అలాగే అనుకునేవాణ్ణి.

మాది మాదాపూర్‌లో ఒక ఆన్‌లైన్ సంస్థ. దుకాణాలకూ, హోటళ్లకూ, హాస్టళ్లకూ టోకున సరుకు దొరికే చోటు. అమ్మేవాళ్లు వేరే. వాళ్లు పెట్టిన వస్తువు ప్రమాదం లేనిదా కాదా అని చూడడం మా విభాగం పని. ఎంత గొప్ప పనో చూడండి. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఒక వస్తువు మీద 'సరుకులో లోపం' అని రెండోసారి ఫిర్యాదు తేలితే, దాన్ని వెంటనే సైటు మీంచి దించి మళ్లీ పరీక్షకు పంపాలి. అదే 'వాడకంలో లోపం' అని తేలితే ఆ ఫిర్యాదు లెక్కలోకి రాదు. ఇక మా వాళ్లంతా ఏం చేసేవాళ్లో ఊహించలేరా? ఫోన్ చేసినవాడి చేతే తప్పు తనదేనని ఒప్పించేవాళ్లు. అందులో నన్ను మించినవాడు లేడు.

ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద అప్పటికే ఒక ఫిర్యాదు తేలింది. కరిగిపోయిన ఆ బాక్సు వెనక్కి వస్తే నేనే విప్పి చూశాను. అమ్మేవాడు మొదట్లో మాకు పరీక్షకు పంపిన దాంట్లో మంచి రాగి తీగ. అమ్ముతున్న దాంట్లో చీపురుపుల్లంత కూడా లేని తీగ. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాణ్ణి నేనే. కాబట్టి తెలియదని అనలేను.

రెండో ఫోన్ కొత్తగూడ నుంచి వచ్చింది. ఫ్లైఓవర్ పక్క గల్లీలో ఆడపిల్లల హాస్టల్ నడిపే ఆవిడ. యాదమ్మ అనుకుందాం. గదికొకటి చొప్పున ఆ బాక్సులు కొన్నది. మా మేనేజర్ నా బల్ల దగ్గరికొచ్చి, "అన్నా, ఇది నీకే పడాలి" అని స్పీకర్ నొక్కాడు. చుట్టూ అందరూ కుర్చీలు జరుపుకొని కూర్చున్నారు. సినిమాకు కూర్చున్నట్టు.

"డబ్బ కరిగి పిల్ల చెయ్యి కాలింది సారు. దవాఖానకు తీస్కపోయినం. గిసొంటియి ఎట్ల అమ్ముతరు?"

"అమ్మా, మీ బిల్డింగుకు పునాది తీసినప్పుడు బండ తగిలిందాండి?"

"కొత్తగూడల బండ లేని జాగ ఏడుంది సారు? పేల్చి తీసిండ్రు."

"అదీ సంగతి. బండలో ఎర్తింగ్ దిగదండి. దిగే దారి లేక కరెంటు వెనక్కి తిరిగి ఇంట్లోకే వస్తుంది. ఖాజాగూడ గుట్టల దగ్గర ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు తలుపు ముట్టుకున్న ప్రతివాడూ ఎగిరిపడేవాడు. పాపం మా డబ్బా ఏం చేస్తుంది? వైరింగ్ ఎవరు చేశారండి?"

మా వాళ్లు నోళ్లకు చేతులడ్డం పెట్టుకుని ఊగిపోతున్నారు. 

"మా తమ్ముడే చేసిండు సారు. మంచిగనే చేస్తడు వాడు. ఈ గల్లీల అందరిండ్లకు వాడే."

ఇక్కడ ఆగాల్సింది. ఆగగలిగేవాణ్ణి కూడా. కథ అప్పటికే పండింది, అందరూ నవ్వారు, ఇంకేం కావాలి నాకు? కానీ చివర్లో ఒక మెరుపు లేకపోతే నా కథ నాకే నచ్చదు. ఆ పాడు అలవాటు.

"తమ్ముడు కాబట్టే మీరు అడగలేదండి. బయటివాడైతే ఎర్తింగ్ చూపించమనేవారు కదా?"

"అవు సారు," అంది. "అడగలే."

వాడకంలో లోపం. చప్పట్లు కొట్టారు. సమోసాలు తెప్పించారు. నేను తిన్నాను. అదే నన్ను ఇప్పటికీ దహిస్తోంది. కాలిన చెయ్యి ఏ పిల్లదో, ఎంత కాలిందో కూడా అడగకుండా సమోసాలు తిన్నాను.

రాఖీ పండగ వెళ్లాక ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది. కృతజ్ఞతలు చెప్పడానికి. గోడలు కొట్టించి వైరింగంతా మార్పించిందట. తమ్ముణ్ణి నలుగురిలో నిలబెట్టి అడిగిందట. సొంత అక్కే పని పీకేయించాక గల్లీలో ఇంకెవరు పిలుస్తారు? వాడి పని పోయింది. రాఖీకి కూడా రాలేదట. మీరు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తుండె అంది. నేను ఊఁ కొట్టాను. ఆ బాక్సేమో ఇంకెక్కడో కరిగి, మరో ఫిర్యాదు తేలాకే సైటు మీంచి మాయమైంది. కొన్నవాళ్లకు, వాడకండి, ప్రమాదం అని ఒక్క ముక్క పంపలేదు. పంపమని నేనూ అనలేదు.

ఎవరి మీద నా కోపం? తీగ సన్నం చేసినవాడి మీదా? స్పీకర్ నొక్కిన మేనేజర్ మీదా? నవ్విన వాళ్ల మీదా? అందరి మీదా ఉంది, చెంపలు వాయించాలన్నంత ఉంది. కానీ తమ్ముడి మాట నాకెవరు రాసిచ్చారు? మేనేజర్‌కు కేసు ముగిస్తే చాలు. ఒక మనిషిని ఇంటికి కాకుండా చేయమని ఎవరూ అడగలేదు. అది పూర్తిగా నా సొంత కల్పన.

పోయిన నెల ఆవిడకు ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. తీగ గురించి చెప్పాను, ఆ లిఫ్టు ఆఫీసు ఎక్కడా లేదని చెప్పాను. తమ్ముడి నంబరిస్తే అతనికీ చెబుతానన్నాను.

"అప్పుడు గూడ ఇట్లనే మంచిగ చెప్పినవు," అంది. 'సారు' అనే పిలుపు పోయింది, 'మీరు' పోయింది. "ఇప్పుడేది నమ్మాలె నేను?"

ఆ మాటతోనే ఫోన్ పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. నిజం చెప్పడానికి నాకు వేరే గొంతు లేదని అప్పుడు తెలిసింది.

అందుకే కాగితం మీద పెడుతున్నాను. పిల్ల చెయ్యి కాలింది ఆ తమ్ముడు వేసిన వైరింగ్ వల్ల కాదు. డబ్బాలో తీగ సన్నం. అది నాకు ముందే తెలుసు. తెలిసే చెప్పాను.

ఈ చివరి ముక్క ఇన్నాళ్లూ నాలో నేను కూడా అనుకోలేదు. అనుకున్నాక కోపమేమీ తగ్గలేదు. కాకపోతే అది ఇప్పుడు దారి వెతుక్కోవడం లేదు. పడాల్సినవాడి మీదే పడుతోంది.