గౌన్లను తిట్టే ఇర్మా

ఇర్మా లాహ్తినెన్ బట్టల్ని తిట్టేది. మనుషుల్ని కాదు, బట్టల్నే. అమెరికాలోని డులూత్‌లో ఆడవాళ్ల బట్టల కొట్టులో పద్దెనిమిదేళ్లు ఆవిడ పక్కన పనిచేశాను. అన్నేళ్లలో ఒక్క కస్టమరునైనా "మీరు లావు, మీరు పొట్టి" అన్న పాపాన పోలేదు. గౌన్లకు మాత్రం ఆవిడ నోట మంచిమాట దక్కడం గగనం.

ఎవరో ఒకావిడ అడ్డచారల గౌనుతో ట్రయల్ రూము లోంచి వచ్చి, "నా నడుం మరీ..." అని మొదలుపెట్టేది. ఇర్మా వినిపించుకుంటేగా! గౌనుకు ఎదురుగా నిలబడేది.

"ఏమే చారలూ! నడుం చుట్టూ ఆ ఊరేగింపేమిటే? దిగు, ముందు దిగు!"

పొడుగు చేతుల కోటు కనిపిస్తే, "వేళ్లు కూడా మింగేశావుటే, తిండిపోతూ!"

కొట్టు యజమాని హోల్గర్ లబలబలాడేవాడు. "ఇర్మా, నా సరుకును నువ్వే తిడితే ఇక కొనేదెవరు?"

"నాలుగు తగిలిస్తేగానీ వాటికి బుద్ధి రాదండీ. ముందు మీ చొక్కాను నోరు మూసుకోమనండి, పొట్ట దగ్గర ఆవులిస్తోంది."

ఆయన గబగబా కోటు బొత్తాలు పెట్టుకునేవాడు.

ఒక మే నెలలో మార్లిస్ అనే ఆవిడ కూతురు సిగ్నీని వెంటబెట్టుకుని వచ్చింది. సిగ్నీ కాలేజీ హాకీ జట్టుకు గోల్‌కీపరు. శనివారం అక్క పెళ్లి.

"దీని భుజాలు కనబడకుండా ఏదైనా చూడండి. వీటికి పట్టే గౌను కంటే, ఇవి పట్టే గుమ్మం దొరకడం తేలిక" అంది మార్లిస్.

పిల్ల తల వంచుకుంది.

సిగ్నీ బుట్టచేతుల గౌను వేసుకుంది. "భుజం మీద ఇంకో భుజమా? నిన్నెవరు రమ్మన్నారే?" అంది ఇర్మా.

"గౌను తప్పేం లేదండీ. మా పిల్లవి మా అత్తగారి భుజాలు" అంది మార్లిస్.

మెడదాకా మూసిన గౌను వేసుకుంది. "గొంతు పిసుకుతున్నావుటే, హంతకీ!"

"అదీ అత్తగారి పోలికేనండీ" అంది మార్లిస్.

అయిదో గౌనుతో లోపలికెళ్లిన పిల్ల ఎంతకీ బయటికి రాలేదు. కాసేపటికి సన్నగా గొంతు వినిపించింది. "అమ్మా, నేను పెళ్లికి రాను."

మార్లిస్ మొహం వాడిపోయింది. ఇర్మా వెళ్లి తలుపు మీద దబదబా బాదింది.

"ఒసేయ్ ఆకుపచ్చ గౌనూ! బయటికి రావే! ఆ భుజాలు ఎన్ని గోల్స్ ఆపాయో తెలుసుటే నీకు? ఒక్కటంటే ఒక్క గోలు ఆపావా నువ్వు?"

లోపల కిసుక్కుమని నవ్వు. "లేదటండీ" అంది సిగ్నీ.

"అయితే విప్పి అవతల పారెయ్!"

ఈసారి ఇర్మా నీలం గౌను అందించింది. మెడ కోణంగా కిందికి దిగింది. భుజాల దగ్గర కుచ్చులూ లేవు, బుట్టలూ లేవు. నడుం నుంచి మాత్రం గంటలా విచ్చుకుంది. పైన ఉన్న వెడల్పుకి కింద సరిజోడు కుదిరింది. పిల్ల బయటికి వచ్చి, అద్దంలో చూసుకుని, నిటారుగా నిలబడింది.

ఇర్మా తిట్టడానికి నోరు తెరిచి, మళ్లీ మూసేసింది. "ఊఁ. ఇది మర్యాద తెలిసిన ఇంటిది" అంది.

బిల్లు రాస్తూ అడిగాను. "ఎందుకు ఇర్మా, వాటిని అంతలా తిడతారు?"

"తప్పు ఎవరో ఒకరి మీదికి పోవాలిగా. మన కొట్లో తిట్టినా ఏడవనివి గౌన్లేగా."

మార్లిస్ విననట్టే నిలబడింది. తర్వాత చప్పుడు చేయకుండా గోధుమరంగు గౌనొకటి తీసుకుని ట్రయల్ రూములోకి వెళ్లింది. తలుపు వెనక నుంచి బెరుగ్గా ఒక గొంతు:

"ఏమే... నా పొట్ట జోలికెందుకొచ్చావే?"

సిగ్నీ తలుపుకి భుజం ఆనించి అరిచింది. "గట్టిగా తిట్టమ్మా! దానికి చెవుడు!"