దారం తెస్తాను, కాస్త పట్టుకోండి

మా బాబాయికి ఒకటే జబ్బు. ఎవరు కనబడినా చేతుల్లో కుందేలు పెట్టి, "కాస్త పట్టుకోండి, దారం తెస్తాను" అని మాయమైపోయేవాడు.

బాబాయి దర్జీ. కొట్లో రెండు సొరుగుల నిండా దారమే. కుందేలు పేరు దొరసాని, బరువు ఎనిమిది కిలోలు, గడ్డం కింద దిండులా వేలాడే చర్మం. జానెడు చెవుల్ని ప్రతి ఆదివారం టేపుతో కొలిచేవాడు. ఎత్తుకుంటే ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద ఉండాల్సిందే. చెయ్యి తీస్తే దాని నడుం విరుగుతుందని ముందే బెదిరించి మరీ వెళ్లేవాడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన అలా ముప్పావుగంట నిలబడిపోయాడు.

ఒక్కోసారి కొలతలు కూడా దొరసానిని ఎత్తుకున్నవాళ్లకి అలాగే తీసేవాడు. అందుకే మా వీధిలో సగం చొక్కాలు పొట్ట దగ్గర ఒక కుందేలు పట్టేంత వదులు. ఇదేమిటని అడిగితే, రేపు మీరు లావెక్కరా అని ఎదురడిగేవాడు.

దాని వంశం గురించి మొదలుపెడితే ఆపేవాడు కాడు. ఎక్కడో చలిదేశపు రైతులు మాంసానికీ బొచ్చుకీ పనికొస్తాయని, పెద్దవాటిని పెద్దవాటితో జతకట్టి తరతరాలుగా ఇంతటివి చేశారట. పెంచింది కోసుకోడానికే అయినా, పెరిగేకొద్దీ వీటికి తొందరా బెదురూ పోయాయట. ఆయుష్షు ఐదారేళ్లేనన్న సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నాన్న పోయాక అమ్మ ఏడవలేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. పిలిస్తే పలికేది కాదు, రెండు ముద్దలైనా తినేది కాదు. ఇలాగైతే అమ్మ కూడా దక్కదని నాకు భయం పట్టుకుంది. మూడోవారం బాబాయి వచ్చి, సబ్బు నురగ కూడా పోని ఆమె చేతుల్లో దొరసానిని పెట్టి, ఎప్పటిలాగే దారం పేరు చెప్పి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. కడిగేద్దామని వెంటపడ్డాను. తీరా చూస్తే, మా పెరటి గోడ అవతల గొంతుక్కూర్చుని ఉన్నాడు. మాట్లాడొద్దని సైగ చేసి నన్నూ కూర్చోబెట్టాడు. లోపల అమ్మ ఏడుస్తోంది. కళ్లు తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేక దొరసాని బొచ్చులో మొహం పెట్టి ఏడుస్తోంది.

"మీ పిన్ని పోయినప్పుడు ఇది నా ఒళ్లో కూర్చుంది. నన్ను లేవనిస్తేగా," అన్నాడు బాబాయి.

మీటరాయన దొరసానిని పట్టుకుని నిలబడ్డ నెలలోనే ఆయన కొడుకు పోయాడని నాకప్పుడు గుర్తొచ్చింది. బాబాయిని అన్ని తిట్లు తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

ఆ తర్వాత దొరసాని ఈనితే ఒక పిల్లని అమ్మకిచ్చాడు. ఆరో ఏట దొరసాని పోయింది. బాబాయి కంట చుక్క నీరు రాలేదు. మిషను ఆపకుండా ఎవరూ అడగని చొక్కాలు కుడుతూ పోయాడు. అన్నం పెడితే తర్వాత అన్నాడు. నాలుగో రోజు అమ్మ, దొరసాని కూతుర్ని ఎత్తుకుని కొట్లోకి వెళ్లింది. కుడుతున్న చేతుల్లో దాన్ని పెట్టేసింది.

"కాస్త పట్టుకో. దారం తెస్తాను."

బాబాయి సొరుగుల వైపు చూశాడు. అమ్మ తలుపు దగ్గరగా వేసి మెట్ల మీద నా పక్కన కూర్చుంది. మిషను ఆగింది. లోపలి ఏడుపు వింటూ ఇద్దరం అలాగే ఉండిపోయాం.

గంట తర్వాత అమ్మ వట్టి చేతులతో లోపలికి వెళ్లింది.

"దారం దొరికిందా, వదినా?" ఎర్రబడ్డ కళ్లతో అడిగాడు బాబాయి.

"ఎక్కడా లేదు. రేపు మళ్లీ వెళ్లాలి."