మలాజ్ ఇంట్లో దిష్టి

మేడమ్ నన్ను కొట్టింది తోటకు నీళ్ళు పట్టే రబ్బరు పైపుతో. మొదటి దెబ్బ వీపు మీద, తర్వాతిది చెవి మీద పడింది. ఆ పైన ఎన్ని పడ్డాయో తెలియదు, అప్పటికే వంటింటి నేల మీద ఉన్నాను. ఎందుకు కొడుతోందో నాకు తెలుసు. ఆమె రెండో చేతిలో నేను పరుపు కింద దాచిన కాగితం పొట్లం ఉంది. అందులో కల్లుప్పు, ఎండు మిరపకాయలు, ఆవాలు, పాప దువ్వెనలోంచి తీసిన వెంట్రుకలు.

"ఉత్త బిడ్డను చూసుకోడమే మ్మే, వేరే పనేం ఉండదు" అని చెప్పి కడప ఏజెంటు నన్ను రియాద్ పంపించాడు. విమానాశ్రయంలో కఫీల్, అంటే మమ్మల్ని పనికి పిలిపించుకున్న యజమాని, వచ్చి సంతకం పెట్టి తీసుకుపోయేదాకా ఆడవాళ్ళందరినీ ఒక గదిలో కూర్చోబెట్టారు, సొంతదారు రాని సామాన్లలాగా. మా కఫీల్‌ని ఇంట్లో బాబా అని, ఆయన భార్యని మేడమ్ అని పిలవాలి. రియాద్‌లోనే మలాజ్ అనే పేటలో పాత ఇల్లు వాళ్ళది. నేను గడప దాటగానే మేడమ్ నా పెట్టె బోర్లించింది. మా అమ్మ కట్టిచ్చిన ఊరగాయను చెత్తబుట్టలో వేసింది. నా దువ్వెన పళ్ళ మధ్య కూడా వెతికింది. పేలు చూస్తోందనుకున్నాను.

ఆమె చెయ్యి మహా దురుసు. టీ చల్లారిందని గ్లాసు విసిరేది. చొక్కాకి మడత పడిందని ఇస్త్రీపెట్టె అంచు నా మోచేతికి ఆనించింది, ఆ మచ్చ ఇంకా ఉంది. నేనూ నోట్లో నాలుక లేనిదాన్ని కాను. ఆమెకు తెలుగు రాదు కనుక, నవ్వుమొహంతో మా ఊరి తిట్లన్నీ తిట్టుకునేదాన్ని. అన్నం అరగడానికి అదొక్కటే మందు.

పాపకు నాలుగేళ్ళు. పగలూ రాత్రీ నా కొంగు వదిలేది కాదు, తల్లి పిలిచినా పోయేది కాదు, నాతో తెలుగులోనే "బువ్వ" అనేది. కోపమొస్తే అదీ కొట్టేది. కానీ కొట్టిన చోట తనే ఊదేది. ఆ ఇంట్లో నేను బతికున్నానంటే దాని వల్లే.

మేడమ్ తమ్ముడి పెళ్ళికి పాపకు తెల్లగౌను వేసి తీసుకెళ్ళారు. ఆడవాళ్ళంతా ఎత్తుకుని ముద్దులాడారు. తెల్లారేసరికి జ్వరం, వాంతులు. డాక్టరు మందులు వాడినా మెతుకు ముట్టలేదు. బాబా వాళ్ళమ్మ, ఆ ఇంటి పెద్దావిడ, నీళ్ళ మీద ప్రార్థన చదివి ఊది తాగించింది. ఎవరిదో కన్ను తగిలిందని ఆమే అంది. దిష్టి వీళ్ళకూ ఉంది కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎండు మిరపకాయలు తెచ్చిపెట్టమని డ్రైవరన్నని అడిగాను. ఆయన రాయచోటి సాయిబు, ఆ ఇంట్లో పాతవాడు. ఎందుకో చెప్పగానే ఆయన అటూ ఇటూ చూశాడు.

"వద్దు మ్మా. ఈడ దాన్ని సిహర్ అంటారు, చేతబడి. పోలీసులకు పట్టిచ్చిరంటే తల పోతాది."

"బిడ్డ అట్లా వాడిపోతాంటే చూస్తా కూచోమంటావా అన్నా?"

ఆయన నన్ను తిడుతూనే తెచ్చిచ్చాడు.

మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తుంటే "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ పాపకు దిష్టి తీశాను, అది కళ్ళు విప్పుకుని చూసింది. తీరా పొయ్యిలో వేయబోతే పెద్దావిడ వంటింట్లోకి వచ్చింది. మిరపకాయలు మండితే ఇల్లంతా ఘాటు, దగ్గు. అందుకని పొట్లం కట్టి దాచాను. తీసిన దిష్టి ఇంట్లో ఉంచుకోకూడదని మా అమ్మ ఊరికే అనలేదు.

సాయంత్రం పాప లేచి పెరుగన్నం తిన్నది. ఆ సాయంత్రమే మేడమ్ నా పరుపు తిరగేసింది.

పైపుతో కొట్టి విసుగొచ్చాక మేడమ్ జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టింది. నోరు నెత్తురయింది. పొట్లం చిరిగి ఉప్పంతా నేల మీద ఒలికింది. బాబా వచ్చి వెంట్రుకలు చూసి ఫోన్ తీశాడు. పోలీసులన్న మాట నాకు అర్థమైంది. నాకొచ్చిన వంటింటి అరబ్బీలో "కన్ను, పాప, ఉప్పు, అగ్గి" అని చెప్పుకోబోయాను. కుడితిలో పడ్డ ఎలుకలాగా ఎంత కొట్టుకుంటే అంత మునిగాను. చచ్చిపోతానని నమ్మాను. మా అమ్మకు ఎవరు చెబుతారా అని భయమేసింది.

అప్పుడు పాప వచ్చింది. వాళ్ళమ్మ కాళ్ళ పక్కనుంచి దూరి, ఒలికిన ఉప్పు గుప్పిట్లోకి తీసుకుని నా తల చుట్టూ తిప్పింది. "ఇలుగు దిత్తి, పొలుగు దిత్తి, తూ, తూ" అంది. మేడమ్ కొయ్యబారింది. దాని వేళ్ళ సందుల్లోంచి ఉప్పు జారి నా తెగిన చెవి మీద పడి భగ్గుమంది. అంతసేపూ ఏడవని దాన్ని అమ్మా అని బావురుమన్నాను. పాప తిప్పడం ఆపి నా చెవి మీద ఊదింది.

మేడమ్ దాని చెంప మీద ఛెళ్ళున కొట్టింది. ఆ బిడ్డకు తల్లి చేతి దెబ్బ అదే మొదలు.

నేను లేచి మేడమ్ మణికట్టు పట్టుకుని వెనక్కి విరిచాను. ఆమె కేక పెట్టింది. "ఇంగోసారి దీన్ని ముట్టుకున్న్యావంటే నరుకుతా" అన్నాను తెలుగులోనే. ఈసారి నవ్వుమొహం లేదు. ఆమెకు బాగానే అర్థమైంది.

పెద్దావిడ కొడుకు చేతిలోంచి ఫోన్ లాక్కుని ఏదో అంది. విమానాశ్రయానికి తీసుకెళ్తూ డ్రైవరన్న అదేమిటో చెప్పాడు: "పోలీసులొస్తే బిడ్డను గూడా అడుగుతారు, అది వాళ్ళ ముందరా ఇట్లే తిప్పుతాది అనింది మ్మా. అందుకే నీకు ఊరికి పోను ఎగ్జిట్ వీసా కొట్టిచ్చినారు."

అంతదాకా నన్ను గదిలో పెట్టి తాళం వేశారు. తలుపు అవతల పాప నన్ను పిలిచి ఏడ్చేది. ఆ తర్వాత ఛెళ్ళుమని వినబడేది. ఆ తర్వాత ఏమీ వినబడేది కాదు.

చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ఊరు చేరాను. మంత్రానికి భయపడి మేడమ్ బిడ్డను కొట్టిందని ఇక్కడ అందరూ అంటారు. నేను కళ్ళారా చూశాను. పాప ఉప్పు తిప్పుతున్నంతసేపూ ఆమె చెయ్యి లేవలేదు. నా చెవి మీద ఊదినప్పుడు లేచింది.